సెంటీమీటరు కొండ

అద్దం ముందు నోరు బార్లా తెరిచి 'ఆ' అంటే, అంగిటి వెనక వేలాడుతూ ఓ చిన్న కండ కనిపిస్తుంది. పొడవు సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ఈ కండకు ఏ జాతి ఏం పేరు పెట్టిందో చెబితే ఆ జాతి బుద్ధులన్నీ చెప్పేయొచ్చని నా దృఢాభిప్రాయం. దీని మీద ఇంతవరకూ ఒక్క కమిటీ కూడా వేయకపోవడం శోచనీయం.

రోమన్లు తిండిపుష్టి ఉన్నవాళ్లు. ఎదుటివాడి గొంతులోకి చూసినా వాళ్లకు తినేదే కనిపించింది. లాటిన్‌లో ఊవా అంటే ద్రాక్ష, యువులా అంటే బుల్లి ద్రాక్ష. మన డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నది ఆ పేరే. ఫ్రెంచివాళ్లు ఆ ద్రాక్షతో పాటు దాని ముందుండే 'ల' అనే ఉపపదాన్ని (ఇంగ్లీషు 'ది' లాంటిది) కూడా మింగేసి 'లుయెత్' అన్నారు. జర్మన్లు 'త్సెప్ఫ్‌షెన్' అంటారు, బుల్లి బిరడా అన్నమాట. శరీరం అవతలి కొస నుంచి పెట్టే మందుబిళ్లకు కూడా వాళ్లు ఇదే పేరు పెట్టుకున్నారు. అక్కడి రోగులు ప్రిస్క్రిప్షన్ రెండుసార్లు చదువుకుంటే మంచిది. హిందీవాళ్లకు కాకి కనిపించింది, కౌవా అన్నారు. తమిళులు ఉళ్‌నాక్కు, కన్నడిగులు కిరునాలిగె, మలయాళీలు చెరునాక్కు అని సరిపెట్టుకున్నారు. లోనాలుక, చిన్ననాలుక! ఉన్నది ఉన్నట్టు చెప్పే బుద్ధిమంతులు, పాపం.

మనం కొండనాలుక అన్నాం. ఆ కొండ వేరు, ఈ కొండ వేరు అని పండితులు వాదిస్తే వాదించనివ్వండి, మామూలు తెలుగువాడి చెవికి వినబడేది కొండే. సెంటీమీటరు కండను కొండ చేసినవాళ్లం, వార్డు మెంబరు పుట్టినరోజు ఫ్లెక్సీ మీద 'జననేత' అని రాయించడం మనకో లెక్కా?

ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు కూడా మన పార్టీయే. ఆ కండ వాచి వేలాడే జబ్బును ఆయన గలశుండిక అన్నాడు, అంటే గొంతులోని చిన్న తొండం. కొండ కాకపోతే ఏనుగు! దాన్ని ఎంతమేర కోయాలో కూడా చెప్పాడు. ఎక్కువ కోస్తే నెత్తురు కారి రోగి పోతాడు, తక్కువ కోస్తే వాపు, చొంగ, మగత, తల తిరుగుడు. ఇంత శాస్త్రాన్నీ మనవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట.

సామెత చెప్పినంత మాత్రాన వైద్యం మానేశామా? లేదు. పిల్లాడికి పొడిదగ్గు పట్టుకుంటే 'కొండనాలుక దిగిందే' అని ఇంట్లో పెద్దావిడ తేల్చేస్తుంది. గరిటె కాడ కొసకి ఉప్పు, మిరియాలపొడి అద్ది, వాడి దవడలు నొక్కిపట్టి, సరిగ్గా అక్కడే అంటిస్తుంది. వాడు కక్కుకోబోయి, కళ్లనీళ్లు పెట్టుకుని, ముక్కు చీదుకుని లేస్తాడు. దగ్గు నిజంగానే తగ్గుతుంది. మళ్లీ దగ్గితే ఏం జరుగుతుందో వాడికి తెలిసిపోయింది కదా.

గరిటె నాగరికం కాదనుకున్నవాళ్ల కోసం 1981లో అమెరికాలో ఫుజితా అనే సర్జన్, ఆయన బృందం గురకతో నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు ఒక ఆపరేషన్ వివరిస్తూ వ్యాసం రాశారు. కొండనాలుకనీ చుట్టూ ఉన్న మెత్తటి అంగిటినీ కొంత కత్తిరించి గొంతు దారి వెడల్పు చేస్తారు. పేరు యువులోపాలటోఫారింగోప్లాస్టీ. ఈ పేరు తడబడకుండా పలకాలంటే గొంతులో భాగాలన్నీ ఉండాలి, అందుకే ఆపరేషన్‌కు ముందే పలికించాలి. మనం మింగేటప్పుడు మెత్తటి అంగిలి, కొండనాలుక పైకి లేచి ముక్కు దారి మూస్తాయి. కోత కాస్త ఎక్కువైతే ఆ తలుపు సరిగా పడదు, కొందరికి తాగిన మంచినీళ్లు ముక్కులోంచి వస్తాయి. సుశ్రుతుడు వింటే 'నే చెప్పలా' అనేవాడు.

ఈ దృష్ట్యా ప్రభుత్వానికి నాదొక్కటే డిమాండు. ఆపరేషన్‌కు ముందు సంతకం చేయించుకునే ఇంగ్లీషు కాగితాల బొత్తి తీసేసి, ఈ సామెతను పెద్దక్షరాల్లో అచ్చేసిన ఒక్క కాగితం పెట్టాలి. కింద పేషెంటు సంతకం. సాక్షి సంతకం మాత్రం రోజూ పక్కన పడుకుని ఆ గురక వినేవాళ్లదే అయ్యుండాలి.