ధవళేశ్వరం గేజీ గారికి ఒక లేఖ

బ్యారేజి దగ్గర గోదారి నీటిమట్టం కొలిచే గేజీ గారికి నమస్కారాలు.

తమకి ఈ ఊళ్లో ఇల్లు లేదు, ఓటూ లేదు. అయినా ఆషాఢం దాటిందంటే ఊరికి పెద్ద మీరే. 11.75 అడుగులకి మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా వాడికి పదమూడో ఎక్కం రాదు గానీ ఈ మూడు అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

మీరు 11.70 దగ్గరున్నంతసేపూ గోదారి అనేదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. ఇంకాస్త పెరిగారా, టీవీ వాళ్ల మైకులు, సెల్ఫీలు, మొక్కజొన్న పొత్తుల బళ్లు అన్నీ బ్యారేజి మీదే. హైదరాబాదు నుంచి మా బావ ఫోను చేసి "ఎంతొచ్చిందంటరా?" అంటాడు. మేమెలా ఉన్నామని కాదండీ, మీరెలా ఉన్నారని.

అందుకే మీకు కాస్త పాత సంగతి గుర్తు చేద్దామని. మీరు రాకముందూ ఈ ఊరుంది. కొండ మీద జనార్దనస్వామి ఉన్నాడు, కింద రేవు ఉంది. ఎన్ని మెట్లు మునిగాయో చూసుకుని జనం వరద లెక్క కట్టుకునేవారు. 1830ల్లో కరువు, తుఫాను కలిసి డెల్టాని ఎండగట్టీ ముంచీ వదిలిపెట్టాక కాటన్ దొర వచ్చాడు. కొండలు దాటొచ్చిన గోదారి ఇక్కడ లంకల మధ్య పాయలవుతోంది, రాయి చూస్తే పక్క కొండలోనే ఉంది. ఇంకేం కావాలి? 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట కట్టేశాడు. కొండలో కొంత నదిలోకి దిగింది, దేవుడు మాత్రం పైనే ఉండిపోయాడు. రాళ్లు కొట్టేవాళ్లు, కమ్మర్లు, వడ్రంగులు, వాళ్లకి బియ్యం అమ్మేవాళ్లు, ఇలా వచ్చి చేరినవాళ్లతో పల్లె కాస్తా పని ఊరయింది.

తర్వాత కాలవలు, లాకులు. ఇక్కణ్ణుంచి కాకినాడకి పడవ మీద పోయేవారు. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట మనుషులే లాగేవారు. అదే కాలవలో ఇప్పుడు గుర్రపుడెక్క, పెళ్లి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, మా వీధి మురుగు (మా ఇంటిది కూడా, దాచేదేముంది). కాటన్ దొర విగ్రహానికి దండేసి, ఆ పూలు వాడిపోయాక తీసుకెళ్లి ఆయన తవ్వించిన కాలవలోనే పడేస్తాం. దీనికి మాత్రం మీలాంటివారు ఒక్కరూ లేరేం? మురుగుకి మొదటి హెచ్చరిక ఎన్ని అడుగులో ఎవరైనా గోడ మీద రాస్తే, మా బావ దానికీ ఫోను చేస్తాడేమో.

ఆ ఆనకట్ట స్థానంలో వచ్చిన 175 గేట్ల బ్యారేజికి మీరు లెక్కలు చెప్తారు, కాదనను. కానీ మా మావయ్యది లంక ఊరు. 1986 ఆగస్టు వరద ఎక్కడిదాకా వచ్చిందో ఇంటి గోడ మీద బొగ్గుతో గీత గీసుకున్నాడు. అప్పట్నుంచీ సంక్రాంతికి సున్నం వేయించినప్పుడల్లా ఆ జానెడు మేర వదిలేయిస్తాడు. గోడంతా తెల్లగా ఉంటుంది, అక్కడొక్కటే నల్లటి మచ్చ. ఆయన ఫోను చేసి మిమ్మల్ని అడగడు. మీరు పెరిగారని టీవీలో రాగానే లేచి ఆ గీత కేసి ఒకసారి చూసి, గేదెల్ని గట్టెక్కిస్తాడు.

ఈ ఏడు నా మనవి ఒకటే. ఎర్రనీరు రానివ్వండి, లేకపోతే పులస చేప ఏటికి ఎదురెక్కదు. పెరిగితే పగలే పెరగండి, రాత్రిపూట గేదెల్ని తోలడం మావయ్య వల్ల కావడం లేదు.

ఇట్లు,
కాలవ గట్టు మీది ఇంటివాడు