దిగే దారిలో న్యూట్రల్ ఎందుకు?

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బండిని ఏ గేరూ లేకుండా న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్‌ను నేను నమ్మను. ఎన్నేళ్లుగా ఇలాగే నడుపుతున్నానని చెప్పినా నమ్మను. చలికాలం వచ్చిందంటే అరకు, లంబసింగి, మారేడుమిల్లి దారులు బయటి ఊళ్ల కార్లతో నిండిపోతాయి. మంచు చూడటానికి పిల్లాపాపలతో వచ్చే ఆ కుటుంబాల్లో ఎందరికి కొండ దిగడం తెలుసన్న బెంగ నన్ను వదలదు.

ఎక్కేటప్పుడు ఇంజిన్ మూలుగుతుంది కాబట్టి గేరు మార్చక తప్పదు. దిగేటప్పుడు ఆ కష్టం తెలియదు. ఒకసారి అనంతగిరి నుంచి వస్తుంటే అద్దె కారు డ్రైవర్ గేరు రాడ్డును మెల్లగా న్యూట్రల్‌లోకి జార్చాడు. ఇంజిన్ చప్పుడు సన్నబడింది, టైర్ల హోరు పెరిగింది. ప్రతి మలుపుకూ కాలు బ్రేకు మీదే. కాసేపటికి ఘాటైన కాలిన వాసన లోపలికి వచ్చింది. “తమ్ముడూ, గేరులో దిగు” అంటే “డీజిల్ కలిసొస్తుంది సార్” అన్నాడు. కారు పక్కకు ఆపించి, బ్రేకులు చల్లారేదాకా కదలనివ్వలేదు.

ఆ కలిసిరావడం కూడా భ్రమే. ఇప్పటి కార్లలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం కాలుతూనే ఉంటుంది. కొందరు ఏకంగా ఇంజినే ఆపేస్తారు. అప్పుడు స్టీరింగు బరువెక్కుతుంది, నాలుగైదు సార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

గేరులో ఉంటే ఇంజినే బండిని కొంత పట్టి ఉంచుతుంది, న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకుదే. బ్రేకును అదే పనిగా తొక్కితే దాని లైనింగ్ వేడెక్కి పట్టు తగ్గుతుంది. కార్లలో బ్రేకు ఆయిల్ కూడా మరుగుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల వరకు తట్టుకోవాలి. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. మర్నాడు మనం ‘బ్రేకులు ఫెయిలై లోయలో పడిన కారు’ అని చదువుతాం. చాలాసార్లు ఆ బ్రేకులను అంతకుముందు అరగంటగా కాల్చింది మనమే.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ బస్సులో సామర్థ్యానికి మించి జనం ఉన్నారు. బరువు పెరిగినకొద్దీ దిగుదారిలో బ్రేకుల మీద పడే భారం ఎంతగా పెరుగుతుందో ఇంకా మన తలకెక్కలేదు.

ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి, నిటారుగా ఉంటే ఇంకొకటి తగ్గించాలి. అదీ దిగుడు మొదలయ్యే ముందే, ఎందుకంటే వేగం అందుకున్నాక చిన్న గేరు పడదు. ఆటోమేటిక్ కారైతే ఎల్ (చిన్న గేరు) గానీ మాన్యువల్ గానీ పెట్టుకోవాలి. మలుపుకు ముందే గట్టిగా బ్రేకు వేసి వదిలేయాలి. ఇరుకు చోట ఎక్కే బండికే దారి ఇవ్వాలి, 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్నదీ అదే.

లైసెన్సు పరీక్షలో బండి వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కించడం చూస్తారు. దిగేటప్పుడు గేరు తగ్గించడమూ పరీక్ష నిబంధనల్లో ఉంది, కానీ పొడవాటి దిగుదారిలో దాన్ని చూడటం నేనెరగను. డ్రైవింగ్ స్కూళ్లలో ఇది నేర్పాలి. ప్రతి ఘాట్ పైభాగంలో ‘ఇక్కడే గేరు తగ్గించండి’ అని పెద్ద బోర్డు పెట్టాలి. అందాకా అద్దె కారులో కొండ మీదికి వెళ్లేవాళ్లు దిగే ముందే గేరు సంగతి అడగండి. డ్రైవర్ విసుక్కున్నా సరే, అడగండి.