రాత్రి పదిన్నర మీటింగ్

నవంబర్ మొదటి ఆదివారం వస్తోందంటే నా గుండెల్లో రాయి పడుతుంది. అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పొద్దున 9కి మొదలయ్యే స్టాండప్, అంటే మా టీమ్ రోజువారీ చిన్న మీటింగ్, కాకినాడలో కూర్చున్న నాకు రాత్రి 9:30 నుంచి 10:30కి మారుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే.

నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మేం ఎనిమిది మందిమి. ఇప్పుడు అరవై దాటాం. అప్పుడు ఒక్క మెసేజ్‌తో తేలే విషయానికి ఇప్పుడు మూడు మీటింగులు, అన్నీ అమెరికా వాళ్ల పగటి పూటే. వాళ్లు చూసి సరే అనాలని రివ్యూకి పెట్టిన కోడ్ రాత్రి దాకా కదలదు. చిన్న సందేహం అడిగినా ఒక రోజు పోతుంది. ఆ ఆలస్యం మాత్రం నా పేరు మీదే పడుతుంది.

పగలంతా ఇంట్లోనే కనిపిస్తాను కాబట్టి ఖాళీగా ఉన్నాననుకుంటారు. "గ్యాస్ బండ వస్తుంది, కాస్త చూసుకోరా" అంటుంది అమ్మ. ఆమె తప్పేం లేదు. మా పాపకి కథ చెప్పి పడుకోబెట్టి ఎన్ని నెలలైందో! మీటింగ్ మధ్యలో తలుపు తడుతుంది. మ్యూట్ చేసి "పడుకో తల్లీ" అంటాను.

వారానికి రెండు రోజులైనా వాళ్ల సాయంత్రం 6కి పెట్టమని అడిగాను, మనకు పొద్దున 7:30 అవుతుంది. చూద్దాం అన్నారు. క్యాలెండర్‌లో ఇప్పటికీ 10:30 అనే ఉంది.