సగటు గారూ, కొన్నాళ్లు సెలవు పెట్టండి

విజయవాడ,
మొగల్రాజపురం.

మహారాజశ్రీ సగటు గారి దివ్యసముఖమునకు, మొగల్రాజపురంలో ఒక టీ కొట్టు ముందు బల్ల మీద రోజూ కూర్చునే బాస్కెట్‌బాల్ అభిమాని నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను గానీ, క్షేమంగా లేము. మా లెక్కల మాస్టారూ, బ్యాంకు మేనేజరు గారూ మాటలు మానేసి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఒకే బల్లకు చెరో చివర కూర్చుంటున్నారు. ఒకాయన లేస్తే బల్ల రెండో వైపుకు ఒరుగుతుందని తెలిసి కూడా చెప్పకుండా లేస్తున్నారు. ఇద్దరి మధ్య పొలం గట్టు తగాదా లేదు, గోడ తగాదా లేదు. ఉన్నది మీరొక్కరే.

జరిగింది చెబుతాను. 2022 ఫిబ్రవరిలో, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే శాక్రమెంటో కింగ్స్ జట్టు టైరీస్ హాలిబర్టన్‌ను ఇండియానా జట్టుకు ఇచ్చి డొమాంటస్ సబోనిస్‌ను తెచ్చుకుంది. అప్పటి నుంచి మా బల్ల మీద అది నడుస్తూనే ఉంది. "2023 నుంచి వరుసగా మూడు సీజన్లు లీగ్ మొత్తంలో రీబౌండ్ల సగటు, అంటే గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకున్న లెక్క, మనవాడిదే ఎక్కువ" అన్నారు మేనేజరు గారు. "2025లో ఫైనల్ ఆడింది ఇండియానా, మనం కాదు" అన్నారు మాస్టారు. "ఏడో ఆటలో ఓడిపోయారు కదండీ?" "ఆ ఆటలో హాలిబర్టన్ మడమ నరం తెగి పడిపోయాడు!" "అందుకే నేను మనుషులను కాదు, సగటును నమ్ముతాను." అంతవరకు బాగానే ఉంది. అప్పుడు మాస్టారు గ్లాసు కింద పెట్టి, "రీబౌండ్ రావాలంటే ముందు ఎవడో ఒకడు గురి తప్పాలి. మీవాడి ఘనతలో సగం మనవాళ్ల చేతకానితనమే" అన్నారు. మేనేజరు గారు సగం టీ వదిలేసి వెళ్లిపోయారు. పాతికేళ్ల సర్వీసులో ఆయన దేన్నీ సగంలో వదిలింది లేదు.

శాక్రమెంటోకూ బెజవాడకూ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. మాస్టారి బావమరిది ఆ ఊరి పక్కన ఉద్యోగం చేస్తాడు. ముంబయిలో పుట్టిన వివేక్ రణదివే 2013లో ఆ జట్టును కొన్నప్పుడు, ఆ సంతోషంలో ఒక ఊదారంగు జెర్సీ పంపించాడు. అది మాస్టారికి పొట్ట దగ్గర పట్టలేదు. అయినా ఆ క్షణం నుంచి మేము కింగ్స్ వాళ్లమైపోయాం. జట్టును ఎంచుకునే ముందు గెలుపోటములు చూడాలని ఎవరికీ తోచలేదు. 2006 తర్వాత పదహారు సీజన్ల పాటు ఆ జట్టు ప్లేఆఫ్స్ ముఖం, అంటే సీజన్ చివర మంచి జట్లు టైటిల్ కోసం ఆడే పోటీల ముఖం, చూడలేదు. అందులో సగం దాకా అయిపోయాక మేము చేరాం. మిగతా సగం మాతో కలిసి పూర్తి చేశారు.

ఇక మీరు మా ఊరికి ఎలా వచ్చారో చెబుతాను. శాక్రమెంటోలో రాత్రి ఏడు గంటలకు ఆట మొదలైతే మనకు మరునాటి ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఆ సమయానికి మాస్టారు క్లాసులో త్రికోణమితి చెబుతుంటారు, మేనేజరు గారు ఏలూరు రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటారు. ఆట అయిపోతుంది, మేము చూడము. సాయంత్రానికి మా చేతికి మిగిలేది అంకెలు. పెళ్లికి వెళ్లలేనివాడు చదివింపుల చిట్టా చూసి పెళ్లి ఎలా జరిగిందో చెప్పినట్టు, మేము మీ చిట్టా చూసి ఆట ఎలా జరిగిందో చెబుతాం. గట్టిగా చెబుతాం. చూసినవాడు ఎవడైనా పొరపాటున అటు వస్తే వాడి మాట సాగనివ్వం.

అయినా మాకు మీరు కొత్త కాదు. మాది ర్యాంకుల ఊరు. వేసవి వచ్చిందంటే బెంజ్ సర్కిల్ నుంచి ఏ రోడ్డున వెళ్లినా హోర్డింగుల మీద పాస్‌పోర్టు ఫొటోలూ, వాటి కింద అంకెలూ. పిల్లవాడి పేరు చిన్న అక్షరాల్లో, ర్యాంకు బారెడు అక్షరాల్లో. అలాంటి చోట పెరిగినవాళ్లకు ఆటగాడి పక్కన అంకె లేకపోతే ఫొటో లేని హోర్డింగులా బోసిగా ఉంటుంది. అంతకు ముందు తరానికైతే ఉగాది పంచాంగం ఉండనే ఉంది. ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. మీ బంధువు ప్లస్ మైనస్ గారు మొదటిసారి మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. ఫలానావాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టుకు ఎన్ని ఎక్కువ వచ్చాయి, ఎన్ని తక్కువ వచ్చాయి, అంతే కదా? "ఓహో, రాజపూజ్యం, అవమానం" అన్నారు మేనేజరు గారు. ఆ రోజు నుంచి ఆయన ప్రతి ఆటగాడి రాశీ అడుగుతున్నారు.

సగటు గారూ, మీ మీద నా అసలు ఫిర్యాదు 2009 నాటిది. జట్లు ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్టు అంటారు. ఆ ఏడాది డ్రాఫ్టులో కింగ్స్ తన వంతు నాలుగోదిగా వచ్చినప్పుడు టైరీక్ ఎవాన్స్‌ను తీసుకుంది. మొదటి సీజన్‌లోనే ఆ కుర్రాడికి సగటున 20.1 పాయింట్లు, 5.3 రీబౌండ్లు, 5.8 అసిస్టులు, అంటే తోటివాడు బుట్టలో వేసేలా అందించిన బంతులు. తొలి ఏడాదిలోనే ఇరవై, అయిదు, అయిదు దాటినవాళ్లు అంతకు ముందు ముగ్గురే ఉన్నారు: ఆస్కార్ రాబర్ట్‌సన్, మైకేల్ జోర్డన్, లెబ్రాన్ జేమ్స్. ఆ వరుసలో నాలుగో పేరు మనవాడిది! మేము జట్టులో చేరింది ఆ తర్వాత నాలుగేళ్లకే అయినా, పాత ఆస్తి పత్రాల్లా ఆ అంకెలను వెనక్కి వెళ్లి తవ్వుకొచ్చాం. ఆ సీజన్‌లో జట్టు 82 ఆటల్లో గెలిచినవి 25 అన్న సంగతి మీరు చెప్పలేదు. అదే డ్రాఫ్టులో ఏడో వంతు దాకా ఎదురు చూసిన స్టీఫెన్ కర్రీకి తొలి ఏడాది 17.5 అని మాత్రం చెప్పారు. ఇరవై ఎక్కువా, పదిహేడున్నర ఎక్కువా అని మాస్టారు అడిగితే, ఒకటో తరగతి పిల్లవాడైనా ఏం చెబుతాడో మేమూ అదే చెప్పాం.

తర్వాత ఆ పదిహేడున్నర గారు నాలుగు టైటిళ్లు గెలిచారు. పదహారు సీజన్ల కరువు తీరి 2023లో కింగ్స్ ప్లేఆఫ్స్‌కు వస్తే, మొదటి రౌండ్ ఏడో ఆటలో మా సొంత కోర్టు మీద ఆయనే 50 పాయింట్లు వేసి ఇంటికి పంపారు. ఆ రోజు ఆదివారం కాబట్టి మేమంతా ఆట చూడవచ్చుననుకున్నాం. తీరా లెక్క వేస్తే అక్కడి ఆదివారం మధ్యాహ్నం ఆట మనకు అర్ధరాత్రి దాటాక. చూశాం. నిద్రా పోయింది, ఆటా పోయింది.

2012లో అయిదో వంతులో థామస్ రాబిన్సన్‌ను తీసుకున్నారు, ఆరో వంతువాడు డేమియన్ లిలార్డ్. 2018లో రెండో వంతులో మార్విన్ బాగ్లీ, మూడో వంతువాడు లూకా డాంచిచ్. బాగ్లీకి కాలేజీలో 21 పాయింట్లు. డాంచిచ్‌కు యూరోలీగ్‌లో పదహారు దగ్గర. ఇరవై ఒకటిలోంచి పదహారు పోతే అయిదు మిగులుతుందని మాస్టారు బల్ల మీద వేలితో రాసి చూపించారు. ఆ పదహారు వచ్చింది పెద్దవాళ్ల మధ్య, ఆ పందొమ్మిదేళ్ల పిల్లవాడే ఆ ఏడాది యూరోలీగ్ అత్యుత్తమ ఆటగాడు అన్నది తీసివేతలో ఎక్కడా రాలేదు. అందరూ కాదన్నాక 2011లో అరవయ్యో వంతులో, అంటే డ్రాఫ్టు చిట్టచివరన కింగ్స్ తీసుకున్న అయిదడుగుల తొమ్మిది అంగుళాల ఐజయా థామస్ మాత్రం నిజంగా ఆడాడు. వాడిని 2014లో పంపించేశారు. 2016–17లో బోస్టన్ తరఫున సగటున 28.9 వేశాడు. అది కూడా మీరే చెప్పారు, అయితే వాడు వెళ్లిపోయాక చెప్పారు.

విల్ట్ చాంబర్లిన్ సంగతి ఎత్తితే మా దగ్గర పొద్దు గడిచిపోతుంది. 1961–62లో ఆయన సగటు 50.4. ఆటలో ఉన్నవి 48 నిమిషాలైతే ఆయన సగటున 48.5 నిమిషాలు ఆడాడు. అదనపు సమయాలు కలిశాయి కాబట్టి అలా వచ్చిందని తెలిసినా, ఉన్న కాలం కన్నా ఎక్కువ కాలం పని చేసిన మనిషి అంటే మేనేజరు గారికి భక్తి. ఆ ఏడాదే 1962 మార్చి 2న ఒకే ఆటలో వంద పాయింట్లు. అయినా ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడి గౌరవం బిల్ రస్సెల్‌కు దక్కింది. రస్సెల్ గొప్పతనమంతా ఎదుటివాడి బంతిని గాలిలో ఆపడంలో ఉంది. లీగ్ బ్లాకులను లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973–74లో. అప్పటికి ఆయన పదకొండు టైటిళ్లు గెలిచి, ఆట మానేసి నాలుగేళ్లయింది. ఆయన బ్లాకుల సగటు ఎంత అని అడిగితే మీరు నోరు మెదపరు. లెక్కపెట్టనిది మీ రాజ్యంలో జరగనట్టే.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట ఒక వేసవిలో ఊళ్లో చిన్న టోర్నమెంటు ఆడాం. సిమెంటు కోర్టు, వల లేని రింగు, మధ్యాహ్నమైతే అరికాళ్లు అంటుకునేంత ఎండ. జట్టు నోటుపుస్తకం నా దగ్గర ఉండేది. నాలుగు ఆటల్లో నేను వేసినవి మొత్తం ఏడు పాయింట్లు, ఏడూ ఒకే ఆటలో. ఆ రోజు అవతలి జట్టు నలుగురితోనే వచ్చింది. నా సగటు 1.75. ముప్పావు పాయింటు ఎలా వేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. కృష్ణలంక నుంచి వచ్చే ఒక పొడుగాటి కుర్రాడి సగటు 0.5. వాడు బంతి అడిగేవాడు కాదు. మనవాడికి దారి ఇవ్వడానికి అవతలివాడికి స్క్రీన్ పెట్టి గోడలా నిలబడేవాడు. షాట్ పడగానే ఎదుటి పొడుగువాడిని వీపుతో నెట్టుకుంటూ రింగు కింద చోటు లేకుండా చేసేవాడు. బంతి మాత్రం ఇంకెవరికో దొరికేది, ఆ రీబౌండ్ ఇంకెవరి పేరునో పడేది. స్క్రీన్‌కు నా పుస్తకంలో గడి లేదు. సెమీఫైనల్‌కు ఒకరిని తగ్గించాల్సి వస్తే పుస్తకం తెరిచాం. 1.75 ఎక్కువా, 0.5 ఎక్కువా? పుస్తకం పట్టుకున్నది నేనే, చదివిందీ నేనే.

ముప్పై ఒక్క పాయింట్లతో ఓడిపోయాం. అవతలి పొడుగువాడు రింగు కింద సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు ఆడాడు. నాకు సున్నా. మీరు అప్పుడు కూడా నన్ను పూర్తిగా వదల్లేదు. 1.4 అన్నారు.

ఆ 1.4ను నేను అంత తక్కువగా చూడను, ఎందుకంటే 2015 ఏప్రిల్‌లో ఇదే కింగ్స్ తరఫున సిమ్ భుల్లర్ ఆడాడు. ఏడడుగుల అయిదు అంగుళాల మనిషి, ఎన్‌బీఏ కోర్టు మీద అడుగుపెట్టిన మొదటి భారత సంతతివాడు. మూడు ఆటలు, మొత్తం రెండు పాయింట్లు. సగటు 0.7. నా సగటులో సగం! ఆ ఏడాదే జూన్‌లో పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్‌ను డాలస్ జట్టు 52వ వంతులో తీసుకుంది. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు కాబట్టి అతనికి సగటే లేదు. ఆ 0.7 కోసం, ఆ లేని సగటు కోసం మా బల్ల దగ్గర పంచినన్ని పునుగులు చాంబర్లిన్ వంద పాయింట్ల కోసం ఏనాడూ పంచలేదు. మేనేజరు గారే డబ్బులిచ్చారు. ఆ రోజు మిమ్మల్ని ఎవరూ పిలవలేదు, గుర్తుందా?

కృష్ణలంక కుర్రాడు ఇప్పుడు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాడు. మొన్న ఆ పక్కకు వెళ్లి, ఇరవై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట చెప్పేశాను. వెల్డింగు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి కాసేపు ఆలోచించాడు. "నన్ను తీసేశారా అండీ? పరీక్షలు ఉన్నాయని నేనే మానేశాననుకున్నాను" అన్నాడు. తర్వాత టీ తెప్పించాడు. సెమీఫైనల్ ఎవరు గెలిచారని అడిగాడు. చెప్పాను. ఎన్ని పాయింట్లతో అని అడగలేదు.

కాబట్టి మనవి ఏమనగా, తమరు మా బల్ల దగ్గరికి రావడం కొన్నాళ్లు మానుకోవాలి. శాశ్వతంగా కాదు. ఈ సీజన్ అయ్యేదాకా చాలు. ఊళ్లో మీకు వేరే పనులు లేకపోలేదు. మే నెల ఎండకూ, జనవరి తెల్లవారుజాముకూ సగటు తీసి మా ఊరు చల్లని ఊరని రాసుకోండి. మాకు మాత్రం ఆటకు సంబంధించి ఒక నెల ఏమీ తెలియకుండా మాట్లాడుకునే అవకాశం ఇవ్వండి. మాస్టారికీ మేనేజరు గారికీ వాతావరణం గురించి మాట్లాడుకోవడమైనా అలవాటవుతుంది.

ఇట్లు,
తమ మాజీ విధేయుడు,
సగటు 1.4

తా.క.: ఉత్తరం మడుస్తుండగా ఒక సంగతి జరిగింది. టీ కొట్టాయన నెల ఖాతా తెచ్చాడు. అయిదుగురం కలిసి 412 టీలు. పదకొండు రోజుల తర్వాత మాస్టారూ మేనేజరు గారూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది దీని గురించే. ఎవరు తాగినవి వారే కట్టుకోవాలని ఇద్దరూ ఒక్క నిమిషంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. చేతులు కూడా కలుపుకున్నారు. ఖాతాలో నా పేరు కింద ఉన్నవి 131. తలా 82.4 చొప్పున పంచుకోవడమే న్యాయమని నేను ఎంత చెప్పినా వినడం లేదు. పైన రాసినవేవీ మనసులో పెట్టుకోకుండా, రేపు ఉదయం ఏడు గంటలకల్లా తమరు ఒక్కసారి వచ్చి వెళ్లవలసిందిగా ప్రార్థన.