జియోపాలిమర్ సిమెంట్ మంచిదే, ఆ మెసేజ్‌ను మాత్రం నమ్మకండి

ఈ మధ్య మన శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇక సిమెంట్‌తో పనే లేదు. థర్మల్ ప్లాంట్ బూడిదలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపితే జియోపాలిమర్ సిమెంట్ రెడీ. కార్బన్ సున్నా. బూడిద ఉచితం. మీ మేస్త్రి చేతే ఇంటి దగ్గర కలిపించుకోవచ్చు. సముద్రపు ఉప్పు దీన్ని ఏమీ చెయ్యలేదు. రోమన్లు కట్టింది దీనితోనే. కంపెనీలు దీన్ని బయటికి రానివ్వడం లేదు" అని దాని సారాంశం. ఇల్లు మొదలుపెట్టినవాళ్లు ఇది చూసి మేస్త్రీలను అడుగుతున్నారు కూడా. జియోపాలిమర్ మీద నాకు నమ్మకం ఉంది. అందుకే దాని పేరు చెప్పి జనాన్ని ప్రమాదంలోకి నెట్టే మాటలు చూస్తూ ఊరుకోలేను.

ముందు అన్నిటికంటే ప్రమాదమైన మాట: "మేస్త్రి చేతే కలిపించుకోవచ్చు."

ఈ పనికి వాడే కాస్టిక్ ద్రావణం చాలావరకు 8 నుంచి 14 మోలార్ గాఢతలో ఉంటుంది. 8 మోలార్ అంటేనే లీటరు ద్రావణంలో 320 గ్రాముల కాస్టిక్ సోడా. దాన్ని నీళ్లలో వేస్తుంటేనే బకెట్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఒంటి మీద పడితే మొదట సబ్బు నీళ్లలా జారుడుగా ఉంటుంది, అంతే. మంట తెలిసేసరికి లోపలిదాకా కాలిపోయి ఉంటుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు.

ఇప్పుడు మన ఊళ్లో శ్లాబ్ వేసే రోజు గుర్తు తెచ్చుకోండి. ఆడకూలీలు తలమీద చుట్టకుదురు పెట్టుకుని తట్టలు అందిస్తుంటారు. తట్ట అంచు నుంచి సిమెంట్ పాలు కారి చెంప మీదుగా మెడలోకి దిగుతుంటాయి. చేతికి గ్లౌజులుండవు, కాలికి బూట్లుండవు. మామూలు సిమెంట్‌కే ఆ వేళ్ల సందులు ఒరిసిపోయి పుండ్లు పడతాయి. ఆ తట్టలో కాస్టిక్ కలిపిన మాల్ పోయమని చెప్పేవాళ్లు ఒక్కసారైనా సైట్‌లో నిలబడి చూశారా అనిపిస్తుంది.

పోనీ గ్లౌజులూ కళ్లద్దాలూ ఇచ్చామే అనుకుందాం. ఫ్లైయాష్ (అదే, థర్మల్ ప్లాంట్ బూడిద) ఒక్కదానితో చేసిన మిశ్రమం గట్టిపడాలంటే సాధారణంగా 60 నుంచి 80 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచాలి. మన మే నెల ఎండ కూడా దానికి చాలదు. అందుకని ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము తీసే కొలిమి నుంచి వచ్చే వ్యర్థం, స్లాగ్, కలుపుతారు. అప్పుడు మామూలు వాతావరణంలోనే గట్టిపడుతుంది, కానీ పాళ్లు కాస్త తేడా వస్తే అరగంటలోనే బిగుసుకుపోవచ్చు. శ్లాబ్ పని పూట పొడుగునా సాగుతుంది. మధ్యలో మాల్ బిగుసుకుంటే ఎవరైనా చేసే పని ఒకటే, ఇంకో బకెట్ నీళ్లు పోస్తారు. దాంతో బలం పోతుంది. ఇది కొలతలు, టెస్టులు ఉన్న యార్డులో చేసే పని, ఇంటి ముందు చేసేది కాదు.

"కార్బన్ సున్నా." ఇందులో సగం నిజముంది. మామూలు సిమెంట్ కోసం సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 60 శాతం ఆ రాయిలోంచే వస్తుంది, మిగతాది ఇంధనం నుంచి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంట్‌దే. జియోపాలిమర్‌కు సున్నపురాయి కాల్చే పని తప్పుతుంది, అదే దాని గొప్పతనం. అయితే అందులో కలిపే సోడియం సిలికేట్ కోసం ఇసుకనూ సోడా యాష్‌నూ వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరిగించాలి. కాస్టిక్ సోడా ఉప్పునీటిలోకి కరెంటు పంపి తీస్తారు, మన దగ్గర కరెంటు ఎక్కువగా బొగ్గుదే. ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే అంచనాలు ఎక్కడెక్కడో ఉంటాయి. కొందరు 80 శాతం ఆదా అంటారు. 2013లో ఆస్ట్రేలియాలో వచ్చిన ఒక అధ్యయనం రవాణా, వేడిపెట్టి గట్టిపరచడం కూడా కలిపి లెక్కేసి, ఆదా 9 శాతమే అని తేల్చింది. మిశ్రమాన్ని బట్టి, దూరాన్ని బట్టి మారే అంకె ఇది. సున్నా మాత్రం ఎక్కడా రాదు.

"బూడిద ఉచితం." ఎక్కడి బూడిద? మన రెండు జిల్లాల్లో పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రమే లేదు. సోంపేట బీల (చిత్తడి నేల) కోసం 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ ప్లాంట్లను జనం ప్రాణాలిచ్చి అడ్డుకున్నారు. దగ్గర్లో ఉన్న పెద్ద కేంద్రం పరవాడ దగ్గర సింహాద్రి, 2000 మెగావాట్లది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ట్యాంకర్ కిరాయి ఎవరిస్తారు?

అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. మీరు కొనే పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) బస్తాలో ఇప్పటికే 15 నుంచి 35 శాతం ఆ బూడిదే ఉంటుంది. పీఎస్‌సీ అనే స్లాగ్ సిమెంట్‌లో స్లాగ్ 70 శాతం దాకా ఉండొచ్చు. మంచి స్లాగ్‌ను సిమెంట్ ఫ్యాక్టరీలు ఎప్పుడో పట్టుకుపోతున్నాయి. అక్కడి నుంచి తీసి జియోపాలిమర్‌లో పోస్తే, ఆ మేరకు ఇంకెవరి బస్తాలోనో కాల్చిన సున్నపురాయి పెరుగుతుంది. భూమికి మిగిలేది ఏముంది? వాడకుండా ప్లాంట్ల బూడిద చెరువుల్లో పడి ఉన్న బూడిదను పనికొచ్చేలా చేస్తే అది నిజమైన లాభం. కానీ ఆ తడి బూడిద, ప్లాంట్ సైలో (నిల్వ గోపురం) లోంచి వచ్చే సన్నటి పొడి బూడిద ఒకటి కాదు.

"ఉప్పు ఏమీ చెయ్యలేదు." ఆమ్లాలనూ సల్ఫేట్లనూ జియోపాలిమర్ బాగానే తట్టుకుంటుంది. ఉప్పు విషయంలో, లోపలి ఊచల విషయంలో మాత్రం అన్ని మిశ్రమాలూ ఒకేలా ఉండవు. బారువలోనో, కళింగపట్నంలోనో, చింతపల్లి తీరంలోనో పాత ఇంటి బాల్కనీ కింద నిలబడి పైకి చూడండి. ఊచ వెంబడే కాంక్రీటు చీలి ఉంటుంది. తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, గోటితో గీకితే రాలిపోతుంది. ఊచ కింద కాంక్రీటు అరంగుళం కూడా కనబడదు, కవర్ బ్లాక్ (ఊచను అచ్చుకు తగలకుండా ఎత్తి ఉంచే దిమ్మ) బదులు ఏ కంకర ముక్కో పెట్టి పోసేశారు. తీర ప్రాంతంలో కనీసం ఎం30 బలమున్న కాంక్రీటు, ఊచకు 45 మిల్లీమీటర్ల కవర్ (ఊచ మీద కాంక్రీటు మందం) ఉండాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఆ కవర్ లేకపోతే ఏ కొత్త సిమెంట్ పోసినా ఆ ఇంటిని కాపాడదు.

రోమన్ల ముచ్చట రెండు మాటల్లో తేలిపోతుంది. వాళ్లు వాడింది సున్నం, అగ్నిపర్వత బూడిద. జియోపాలిమర్‌లోలా, కాస్టిక్ సోడా లాంటి క్షారంతో స్లాగ్‌ను గట్టిపరిచే పద్ధతి మీద 1950ల్లో సోవియట్ ఉక్రెయిన్‌లో గ్లుఖోవ్‌స్కీ పనిచేశాడు. జియోపాలిమర్ అనే పేరు 1970ల్లో ఫ్రాన్స్‌కు చెందిన దావిదోవిట్స్ పెట్టాడు.

కంపెనీలు దాచిపెట్టాయన్నదీ నిలవదు. 2014లో మొదలైన ఆస్ట్రేలియాలోని వెల్‌క్యాంప్ విమానాశ్రయంలో విమానాలు తిరిగే చోట పరిచింది ఈ కాంక్రీటే. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కూడా ప్రీకాస్ట్ వస్తువుల కోసం 2020లో ఐఎస్ 17452 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రీకాస్ట్ అన్న మాట గమనించండి. పేవర్ బ్లాకులు, రోడ్డు పక్క కెర్బ్ రాళ్లు లాంటివి యార్డులో పోసి, పరీక్షించి తెచ్చేవి. మీ పంచాయతీలో సీసీ రోడ్డు పక్కన టైల్స్ వేస్తున్నారంటే ఇవి దొరుకుతాయా అని అడగండి, టెస్టు రిపోర్టు చూపించమనండి.

ఇల్లు కట్టుకునేవాళ్లు పీపీసీగానీ పీఎస్‌సీగానీ తీసుకోండి. కవర్ బ్లాకులు దగ్గరుండి పెట్టించండి. కనీసం 10 రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు తడి ఆరకుండా శ్లాబ్ మీద నీళ్లు నిలవగట్టండి. ఆ మెసేజ్ మీకు పంపినవాళ్లకు మాత్రం, కాస్టిక్ సోడా ఇంటి దగ్గర కలపమన్న ముక్క ఎవరికీ పంపొద్దని ఈరోజే చెప్పండి.