“ఏ జబ్బుకైనా నేరుగా పెద్ద హాస్పిటల్‌కే” అన్న మెసేజ్‌ని ఎందుకు నమ్మకూడదంటే

ఈ మధ్య ఒక ఫార్వర్డ్ మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తా. ఏ జబ్బైనా సరే చిన్న క్లినిక్కుల చుట్టూ తిరక్కండి, పెద్ద హాస్పిటల్‌కే వెళ్ళండి. జనరల్ డాక్టర్ దగ్గర టైం వేస్ట్, డైరెక్ట్‌గా స్పెషలిస్ట్‌ని కలవండి. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఎమర్జెన్సీకి వెళ్ళండి, వెంటనే చూసేస్తారు. ఎన్ని టెస్టులు చేయించుకుంటే అంత మంచిది. సీరియస్ అయితే అంబులెన్స్ కోసం ఆగకుండా కార్లో వేసుకుని పోండి. చివర్లో “పది మందికి పంపి ఒక ప్రాణం కాపాడండి” అని. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది కానీ ఇందులో ప్రతి ముక్కా ఎవరో ఒకరికి నష్టం చేసేదే, మా ఇంట్లోనే రెండుసార్లు చూశాను, అందుకే కూర్చుని రాస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి మాట, అన్నిటికీ పెద్ద హాస్పిటలే. అసలు జబ్బుపడ్డవాళ్ళలో పెద్ద హాస్పిటల్ అవసరమయ్యేది ఎంతమందికో 1961లోనే కెర్ వైట్ అనే డాక్టర్ వాళ్ళు లెక్క కట్టారు, 2001లో అమెరికాలోనే ఇంకో టీం మళ్ళీ కడితే దాదాపు అదే వచ్చింది. ఆ 2001 లెక్కలో వెయ్యి మందిని తీసుకుంటే ఒక నెలలో సుమారు 800 మందికి ఏదో ఒక నలత ఉంటుంది, వాళ్ళలో 217 మంది డాక్టర్ రూం దాకా వెళ్తారు, 13 మంది ఎమర్జెన్సీకి వెళ్తారు, 8 మంది ఏదో ఒక హాస్పిటల్లో అడ్మిట్ అవుతారు, మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉండే పెద్ద హాస్పిటల్లో చేరేవాళ్ళు ఒకరు కూడా పూర్తిగా లేరు. అంటే మనకొచ్చే జలుబు, నడుంనొప్పి, కడుపులో మంట ఇవన్నీ రోజూ చూసి చూసి చెయ్యి తిరిగినవాళ్ళు ఉండేది ఆ 217 మంది వెళ్ళే చోట, పెద్ద హాస్పిటల్ వార్డులో కాదు. ఇంకో సంగతి, హాస్పిటల్ అంటే ఊరికే వెళ్ళి ఉండి రావాల్సిన చోటు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం అడ్మిట్ అయిన ప్రతి 100 మందిలో డబ్బున్న దేశాల్లో 7 మందికి, మిగతా దేశాల్లో 15 మందికి అక్కడే కొత్తగా ఏదో ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. అవసరమైతే ఆ రిస్క్ తీసుకోవాల్సిందే, అవసరం లేకుండా ఎందుకు?

మరి నిజంగా ప్రాణం మీదకి వస్తే పెద్దదే కదా అంటారు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. మా పెదనాన్నకి ఒక తెల్లవారుజామున మూతి ఒక పక్కకి లాగేసి మాట ముద్దగా వస్తుంటే, దగ్గర్లో ఉన్న పేరున్న పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, బిల్డింగ్ చూస్తే ఏడంతస్తులు, కానీ ఆ రాత్రి సీటీ స్కాన్ మెషీన్ రిపేర్‌లో ఉంది. ఆ మాట మాకు చెప్పేసరికి గంట, ఇంకో చోటికి మార్చేసరికి ఇంకో గంట. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, దానికి ముందు స్కాన్ చెయ్యాలి, ఎందుకంటే మెదడులో గడ్డ కట్టిందా రక్తం కారుతోందా అన్నది పైనుంచి చూస్తే తెలీదు, కారుతుంటే అదే ఇంజెక్షన్ మనిషిని చంపేస్తుంది. (ఇంట్లో తొందరపడి ఆస్పిరిన్ వేయొద్దని చెప్పేదీ ఇందుకే.) వైద్యం అందని పక్షవాతంలో (స్ట్రోక్) నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని ఒక అంచనా. ఆ రెండో హాస్పిటల్లో డాక్టర్ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న “చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు” అని. లక్షణం మనం చూసిన టైం కాదు, ఆయన చివరిసారి బాగున్న టైం నుంచి గడియారం లెక్క. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, రాత్రి పది గంటలకి పడుకున్నారని తప్ప ఏమీ తెలీదు. ఇంజెక్షన్ టైం దాటిపోయింది. పెదనాన్న ఇప్పటికీ కుడి చెయ్యి ఎత్తలేరు. ఆ రెండు గంటలు మిగిలి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, గడ్డని తీగతో లాగేసే పద్ధతి కొంతమందికి 24 గంటల దాకా కూడా చేస్తారని తర్వాత తెలిసింది, కానీ అది చేసే చోటు ఏదో మాకు ముందే తెలిసి ఉండాల్సింది అన్నది మాత్రం మనసులో ఉండిపోయింది.

అందుకని పెద్దదా చిన్నదా అని చూడకండి, నాకిప్పుడు కావలసింది ఈ గంటలో అక్కడ ఉందా అని చూడండి. గుండెపోటు సంగతే తీసుకోండి, మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచి స్టెంట్ వెయ్యడమే మంచి వైద్యం, కానీ ఈసీజీలో గుండెపోటు అని తేలాక 120 నిమిషాల లోపు ఆ పని జరిగే వీల్లేకపోతే దగ్గర్లో ఉన్న చిన్న హాస్పిటల్లోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పెద్ద చోటికి పంపమని డాక్టర్ల గైడ్‌లైన్లే చెప్తాయి. అంటే గుండెపోటు విషయంలో కూడా ముందు దగ్గరున్న చిన్న చోటే కరెక్ట్ అయ్యే సందర్భం ఉంది. ఈ విషయాలు ఒంట్లో బాగున్నప్పుడే ఫోన్ చేసి కనుక్కోవాలి: రాత్రి రెండింటికి మీ దగ్గర సీటీ స్కాన్ నడుస్తుందా, స్టెంట్ వేసే టీం ఆ టైంలో వస్తుందా, చిన్నపిల్లల ఐసీయూ ఉందా. మూడు ఫోన్లు, ఒక కాగితం, అంతే పని.

మెసేజ్‌లో నిజం లేకపోలేదు, అది కూడా చెప్పాలి. క్లోమానికి, అన్నవాహికకి చేసే పెద్ద క్యాన్సర్ ఆపరేషన్లు ఏడాదికి ఎక్కువ సంఖ్యలో చేసే హాస్పిటల్స్‌లో చావులు తక్కువని 2002లో అమెరికాలో జరిగిన పెద్ద స్టడీలో తేలింది. పెద్ద యాక్సిడెంట్ దెబ్బలకి ట్రామా సెంటర్, నెలలు బాగా తక్కువగా కాన్పయ్యే సూచన ఉంటే పసిపిల్లల ఐసీయూ ఉన్న చోటు, అదీ బిడ్డ పుట్టాక కాకుండా వీలైతే తల్లి కడుపులో ఉండగానే అక్కడికి మారడం, ఇవన్నీ కరెక్టే. ఇలాంటి వాటికి దూరమైనా వెళ్ళాలి.

రెండోది, జనరల్ డాక్టర్ టైం వేస్ట్, డైరెక్ట్‌గా స్పెషలిస్ట్ అన్నది. దీనికి మా అమ్మే సాక్ష్యం. కళ్ళు తిరుగుతున్నాయని మొదలైంది. మెదడు డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎంఆర్ఐ తీశారు, బానే ఉంది. చెవి డాక్టర్ చూశారు, చెవి బానే ఉంది. గుండె డాక్టర్ ఈకో చేశారు, గుండె బానే ఉంది. ఎవరూ తప్పు చెయ్యలేదు, ఎవరి అవయవం వాళ్ళు శ్రద్ధగానే చూశారు, కానీ నెలన్నర గడిచినా అమ్మ గోడ పట్టుకునే నడుస్తోంది. ఆఖరికి మా పాత ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చేసిన మొదటి పని, వేసుకునే మాత్రలన్నీ సంచితో సహా తెమ్మన్నారు. చూస్తే ఒకే బీపీ మందు రెండు వేరే వేరే కంపెనీ పేర్లతో ఇద్దరు డాక్టర్ల చీటీల్లో ఉంది, అమ్మ రెండూ వేసుకుంటోంది. పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి మళ్ళీ చూశారు. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పడితే అది జబ్బు కింద లెక్క, అమ్మకి 30 దాకా పడింది. ఒక మాత్ర ఆపేశారు, వారంలో సర్దుకుంది. స్పెషలిస్టులు వద్దని కాదు నేననేది, ఎవరి దగ్గరికి వెళ్ళాలో మనం ఊహించి వెళ్తే మనం ఊహించిన చోటే వాళ్ళు వెతుకుతారు, ఛాతీలో మంటని గ్యాస్ అనుకుని కడుపు డాక్టర్ క్యూలో కూర్చున్న గుండెపోటు పేషెంట్లు ఉంటారు. మనిషి మొత్తాన్ని ఒకళ్ళు చూసి పంపాలి, పంపేటప్పుడు ఇప్పటిదాకా ఏం చేశారో రాసి పంపాలి.

మూడోది, ఎమర్జెన్సీకి వెళ్తే వెంటనే చూస్తారు అన్నది. చూడరు. అక్కడ ముందు వచ్చినవాళ్ళు ముందు అన్న పద్ధతి లేదు, ట్రయాజ్ అని ఉంటుంది, వచ్చినవాళ్ళని నర్సు చూసి తీవ్రతని బట్టి విడదీస్తుంది, చాలాచోట్ల అయిదు మెట్లుగా. వారం రోజుల దగ్గుతో వెళ్తే మీరు అయిదో మెట్టు, మీ తర్వాత వచ్చిన ఊపిరాడని మనిషి మీ కంటే ముందు లోపలికి వెళ్తాడు, వెళ్ళాలి కూడా. మీరు మూడు గంటలు కూర్చుని చివరికి పాత రిపోర్టులేవీ తెలియని డాక్టర్‌కి కథంతా మొదటినుంచి చెప్పుకుంటారు, ఆ డాక్టర్ మీ ప్రాణానికి ప్రమాదం లేదని తేల్చి “మీ డాక్టర్‌ని కలవండి” అని పంపేస్తారు. ఆయన పనే అది.

టెస్టుల గురించి ఒక్క చిన్న లెక్క. నూటికి 95 సార్లు కరెక్ట్‌గా చెప్పే టెస్ట్ ఒకటి ఉందనుకోండి, జబ్బు ఉన్నవాళ్ళలోనూ లేనివాళ్ళలోనూ. వెయ్యి మందిలో పది మందికే ఉండే జబ్బుకి అందరికీ ఆ టెస్ట్ చేస్తే, నిజంగా ఉన్నవాళ్ళు తొమ్మిదో పదో మంది దొరుకుతారు, ఏమీ లేని 990 మందిలో దాదాపు 50 మందికి కూడా ఉందని వస్తుంది. ఆ 50 మంది నిద్రలేని రాత్రులు, ఇంకో స్కాన్, ఒక్కోసారి సూదితో ముక్క తీసే టెస్ట్. అదే డాక్టర్ ముందు చేత్తో పట్టి చూసి, అడిగి, అనుమానం బలంగా ఉన్నవాళ్ళకే రాస్తే అదే టెస్ట్ చాలా బాగా పనిచేస్తుంది. పైగా ఛాతీ సీటీలో పడే రేడియేషన్ మామూలు ఎక్స్‌రేకి కొన్ని పదుల రెట్లు. టెస్ట్ రాయకుండా పంపిన డాక్టర్‌ని చేతకానివాడు అనుకోకండి, ఎందుకు రాయలేదో అడగండి, మంచి డాక్టర్ చెప్తారు.

ఇక కార్లో వేసుకుని పోండి అన్నది, అన్నిటికంటే నాకు భయం వేసింది దీనికే. అంబులెన్స్ రాని చోట, వచ్చేసరికి బాగా ఆలస్యమయ్యే చోట ఏది దొరికితే అందులో వెళ్ళాల్సిందే, అది వేరే మాట. వచ్చే చోట మాత్రం ఫోన్ చెయ్యండి. గుండెపోటు వచ్చిన మనిషి గుండె దారిలోనే ఆగిపోవచ్చు, ఆగిపోయాక కరెంటు షాక్ ఇవ్వకుండా, ఛాతీ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. కారు నడుపుతున్న కొడుకు స్టీరింగ్ పట్టుకుంటాడా ఛాతీ నొక్కుతాడా? అంబులెన్స్‌లో షాక్ మెషీన్ ఉంటే అక్కడే ఇస్తారు, కొన్ని అంబులెన్సుల్లో ఈసీజీ దారిలోనే తీసి ముందే హాస్పిటల్‌కి కబురు చేస్తారు. నొప్పి వచ్చిన మనిషి తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళడం మాత్రం ఎక్కడైనా సరే వద్దు.

పది మందికి ఏదైనా పంపాలనిపిస్తే ఇది పంపండి, వీటికి ఏ క్లినిక్ దగ్గరా ఆగకుండా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. మూతి వంకరపోవడం, ఒక చెయ్యో కాలో ఉన్నట్టుండి పట్టు తప్పడం, మాట తడబడటం. ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, చెమటలు, ఆడవాళ్ళకీ షుగర్ ఉన్నవాళ్ళకీ నొప్పి పెద్దగా లేకుండానే ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం. ఊపిరాడకపోవడం, ఆగని రక్తం, ఫిట్స్ ఆగకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా పిడుగులా రావడం. నడుంనొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి మూత్రం రాకుండా బిగుసుకుపోవడం. మగపిల్లలకి వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, మెలిపడితే సుమారు ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరగాలి, పిల్లలు సిగ్గుపడి చెప్పరు, అందుకే ముందే చెప్పి ఉంచండి. మూడు నెలలు నిండని పసిబిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం, బిడ్డ చూడ్డానికి హుషారుగానే ఉన్నా సరే. వెళ్ళేటప్పుడు వేసుకునే మందుల సంచి, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే వాటి పేరు, మనిషి చివరిసారి బాగున్న టైం రాసిన కాగితం చేతిలో పెట్టుకోండి.