సమాన భిన్నాల వారికి ఒక ఇడ్లీ బాధితుడి విన్నపం

మహారాజశ్రీ సమాన భిన్నాల వారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. నిన్న ఉదయం మా బావగారి కుటుంబం ఎదుట నాకు జరిగిన పరాభవం తమ దాకా వచ్చే ఉంటుంది. నేను వేసిన ఇడ్లీలు సగం రేకులకే అంటుకుపోగా, ఊడి వచ్చిన సగం అట్లలా అణగిపోయి చేతికి జిగురు పూశాయి. మా ఇంట్లో గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ లెక్క. చుట్టాలు వస్తున్నారు కదా అని పప్పు ఒక గ్లాసు, రవ్వ ఒక గ్లాసు పెంచాను. రెంటికీ సమంగా పెంచి, ఏ పక్షపాతమూ చూపనివాడికి ఇంత శిక్షా?

ఆ ముందు సాయంత్రమే ఆరో తరగతి చదివే మా అమ్మాయి 1/2 = 2/3 అని వ్రాసి ఎర్ర సిరా ఇంటూ మార్కు తెచ్చుకుంటే, లవానికీ హారానికీ ఒకటి కూడితే భిన్నం మారిపోదా అని గంటసేపు గదమాయించినవాడిని నేనే. పిండి రుబ్బింది ఆ రాత్రే.

గుణిస్తే తమరు ఊరుకుంటారు, కూడితే ఉగ్రరూపం దాలుస్తారు. 2/4 అన్నా, 3/6 అన్నా, 50/100 అన్నా వేషాలే వేరు, మనిషి 1/2నే. మరి నా 2/3 చేసిన పాపమేమిటి? గ్లాసుకు గ్లాసు చేరితే పప్పు రెట్టింపయింది, రెండు గ్లాసులకు గ్లాసు చేరితే రవ్వ సగమే పెరిగింది. ఇంతే కదండీ సంగతి! ఈ ఒక్క ముక్క నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. పైన దేనితో గుణిస్తే కింద కూడా దానితోనే గుణించాలని చెప్పి బెత్తం చూపించారు. 2/2తో గుణించడమంటే ఒకటితో గుణించడమేనని, అందుకే విలువ మారదని, నలభై రెండేళ్ళు నిండాక, ఇడ్లీ రేకులు తోముకుంటూ నాకు నేనే తెలుసుకోవలసి వచ్చింది. సిగ్గుగా ఉంది, తమకూ ఉండాలి.

4/6 అని సరిగ్గా వ్రాసినా, కనిష్ఠ రూపంలో లేదని అర మార్కు కోయించే తమ అలవాటును ఇక్కడ ప్రస్తావించను. సమానమే అయినప్పుడు ఆ కోత ఎందుకో తమకే తెలియాలి.

అయినా తమరు మా ఇంటికి కొత్తవారేమీ కాదు. రూపాయికి 16 అణాలున్నప్పుడు 4 అణాలుగాను, 1957 ఏప్రిల్ 1 తరువాత 100లో 25 పైసలుగాను మా తాతగారి జేబులో తిరిగినది తమరే. 4/16 కాస్తా 25/100 అయినా ఆయన పావలాను పావలా అనే పిలిచారు. ఎవరూ ఆయనకు అడ్డగుణకారం నేర్పలేదు.

వచ్చే ఆదివారం బావగారు వాళ్ళు మళ్ళీ వస్తున్నారు, ధైర్యవంతులు. పప్పు డబ్బా మూత మీద మా అమ్మాయి ఒక కాగితం అంటించింది: "3 గ్లాసులకు 6. కూడవద్దు నాన్నా."

ఇట్లు,
తమ విధేయుడు